వేళ్ళ సందులలోని పుండు – బోదకాలి జ్వరము

వరినాట్ల దినములలో ఉదయము మొదలు సాయంకాలము వరకు కూలివారి కాళ్ళు బురదలోనే యుండును. నీట నానిన చర్మము మెత్తబడి, వేళ్ళ సందులలో తెల్లబడి చిట్లును. తడి ఆరని ఆ సందులలో బూజుజాతి సూక్ష్మజీవులు చేరి దురదను, దుర్వాసనను కలిగించును. చిటికెనవ్రేలికిని దాని ప్రక్క వ్రేలికిని నడుమ ఇది తరచుగా మొదలగును. నీటి పని చేయువారికి ఇది మామూలేయని పలువురు ఉపేక్షింతురు. బోదకాలు గలవారి విషయమున ఈ ఉపేక్ష ఎంతమాత్రమును తగదు.

బోదకాలునకు మూలము క్యూలెక్స్ దోమ వలన సంక్రమించు ఫైలేరియా క్రిమి. దీని నివారణకు 1955లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. 2004లో ఏటేట ఊరూర మాత్రలు పంచు పద్ధతి వచ్చినది. అయితే, కాలు వాచిన మనిషిని మాటిమాటికి మంచమెక్కించు జ్వరము సాధారణముగా ఆ క్రిమి తెచ్చునది కాదు. వాచిన కాలిలో శోషరస నాళములు చెడియుండును. చిట్లిన సందుగుండ బాక్టీరియా ప్రవేశించినచో ఆ కాలు ఎదుర్కొనజాలదు. చలితో జ్వరము వచ్చును. కాలు ఎఱ్ఱబడి మండును. గజ్జలో బిళ్ళ కట్టును. జ్వరము వచ్చిపోయినప్పుడెల్ల వాపు కొంత హెచ్చుచుండును. ఇది అమావాస్యకు, పున్నమికి వచ్చునని కొందరందురు. చంద్రుని చూచుటకు ముందు వేళ్ళ సందులు చూచుట మేలు.

ప్రతిరాత్రి మంచినీటితో, మామూలు సబ్బుతో కాళ్ళు కడుగవలెను. వేడినీరు పనికిరాదు. చర్మపు మడతలను, వేళ్ళ సందులను మెల్లగా తోమి, సబ్బు పూర్తిగా పోవువరకు కడిగి, మెత్తని పొడిగుడ్డతో అద్దవలెను. కడుగువారు చాలమందియే, సందులు ఆరబెట్టువారు తక్కువ. దురద, పగుళ్ళు ఉన్నచో వైద్యుని సలహాపై క్లోట్రిమజోల్ వంటి లేపనము వాడి, దురద తగ్గగనే మానక ఆయన చెప్పినన్ని వారములు రాయవలెను. బూడిద, సున్నము, కిరసనాయిలు పూయరాదు. జ్వరము వచ్చినప్పుడు కాలు మర్దించక, ఎత్తుపై ఉంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు చేయవలెను.

పొలమునుండి వచ్చు త్రోవలో ఒక కుళాయి, కూర్చుండి కాళ్ళు కడుగుకొనుటకు ఒక సిమెంటు దిమ్మ పంచాయతీకి పెద్ద వ్యయము కాదు. కాని ఆ మురుగు అచ్చట నిలిచినచో అందే క్యూలెక్స్ దోమ పెరుగును గనుక ఇంకుడుగుంట తప్పనిసరి. ఆశా కార్యకర్తతో కలిసి ఊరిలోని బోదకాలు వారి యిండ్లకు సభ్యులు స్వయముగా పోవలెను. బరువెక్కిన కాలు వంగక, తమ వ్రేళ్ళను తామే అందుకొనలేని వృద్ధులు అచ్చట కన్పింతురు; వారికి సబ్బుతోబాటు కడుగు చేయి కూడ కావలెను. ఆ పని ఇంటిలో ఎవరు చేయుదురో ఆనాడే అడిగి తెలిసికొనవలెను.