వడగాడ్పులు – అహమ్మదాబాదు నగరము నేర్పిన పాఠము

వరద వచ్చినపుడు ఊరంతయు చూచును. ఇండ్లు కూలును, చెట్లు పడును, సహాయము చేయువారు పరుగెత్తుదురు. వడగాడ్పు అట్టిది కాదు. అది గోడను పడగొట్టదు, త్రోవను కోయదు. రేకుల కప్పు క్రింద పరుండిన వృద్ధురాలి ప్రాణమును చప్పుడు లేక కొనిపోవును. ఇరుగుపొరుగువారు ముసలితనముచే పోయినదనుకొందురు. ఇట్లు కంటికి కానరాని యాపదను ఒక నగరమువారు ఎట్లు గుర్తించిరో, పురపాలకులును పురజనులును గూడి దానిని ఎట్లెదుర్కొనుచున్నారో యీ వ్యాసమున తెలుపదలచితిమి.

ముందుగా వడదెబ్బ యనగా నేమో గ్రహింతము. మన శరీరపు వేడిమి సాధారణముగా 37 డిగ్రీల సెంటీగ్రేడు. వెలుపల వేడి హెచ్చినపుడు చెమట పోయును. ఆ చెమట ఆవిరియగుటచే దేహము చల్లబడును. గాలిలో తేమ హెచ్చినను, త్రాగునీరు చాలకున్నను ఈ యేర్పాటు చెడును. శరీరపు వేడిమి 40 డిగ్రీలకు మించెనా మతి తప్పును, మూర్ఛ వచ్చును. వెంటనే చల్లార్చనియెడల ప్రాణమునకే ముప్పు. నగరములలో ఈ యపాయము మరింత హెచ్చు. కాంక్రీటు కట్టడములును తారు రోడ్లును పగటి వేడిని త్రాగి రాత్రి వెలిగ్రక్కును. చెట్లును చెరువులును తరిగినకొలది ఆ వేడిని తగ్గించు నాధారము లేకపోవును. దీనికి తోడు బొగ్గును చమురును కాల్చుటచే భూగోళమే వేడెక్కుచుండగా, వడగాడ్పులు మునుపటికంటె తరచుగను తీవ్రముగను వచ్చుచున్నవి.

గుజరాతు రాష్ట్రమున సబర్మతీ తీరమందున్న అహమ్మదాబాదు ఎండలకు పేరుపొందిన నగరము. 2010వ సంవత్సరము మే నెలలో అచ్చట వేడిమి 46.8 డిగ్రీల వరకు పోయెను. పిమ్మట పండితులు మరణముల లెక్కలను పరిశీలింపగా, ఇతర సంవత్సరముల మే నెలలతో పోల్చినయెడల ఆ యొక్క నెలలో 1,344 మంది అధికముగా చనిపోయినట్లు తేలెను. ఎండలు ప్రతి యేటను వచ్చునవే గదా యని యూరకుండినవారికి ఈ లెక్క కన్నులు తెరపించెను.

అంతట నగరపాలక సంస్థయు, గాంధీనగరమందలి ప్రజారోగ్య విద్యాలయమును, మరికొన్ని సంస్థలును గలసి యాలోచించి 2013వ సంవత్సరమున ఒక కార్యప్రణాళికను సిద్ధపరచిరి. దక్షిణాసియాలో నిట్టి ప్రణాళిక కదియే మొదటిది. ఎండ తీవ్రతను మూడు వర్ణములచే తెలుపుట అందలి ముఖ్యాంశము. 41 డిగ్రీలు దాటిన పసుపు, 43 దాటిన నారింజ, 45 డిగ్రీలైన ఎరుపు. ఎరుపు ప్రకటింపబడగనే ఆసుపత్రులు మంచుగడ్డలతో సిద్ధముగా నుండవలెను, చలివేంద్రములు వెలయవలెను, అంబులెన్సులు కాచుకొనవలెను. ఆ నగరమందలి శారదాబెన్ ఆసుపత్రిలో పురిటి శిశువుల వార్డు మేడ పైయంతస్తున నుండెడిది. దానిని క్రింది యంతస్తునకు మార్చిన పిమ్మట వేడిచే జబ్బుపడు శిశువులు తగ్గిరని వైద్యులు కనుగొనిరి. ధనవ్యయము స్వల్పము, ఫలము ఘనము.

అయినను ప్రకటన యెంత మంచిదైనను కార్యాలయపు గోడమీద నుండి అది తానై నడచి రాదు. చదువురాని కూలివానికిని, ఒంటరిగానున్న వృద్ధునికిని దానిని చేర్చువారెవరు? ఇచ్చట పురజనుల పని యారంభమగును. వాడవాడల దిరుగు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి జాగ్రత్తలు చెప్పిరి. 1994వ సంవత్సరమున స్థాపింపబడిన మహిళా హౌసింగ్ ట్రస్టు అను సంస్థ పేదవాడల స్త్రీలను గూర్చి, ఇంటికప్పు వేడిని తగ్గించు నుపాయములను వారికి నేర్పెను. కప్పునకు తెల్లని సున్నమో రంగో పూసినయెడల ఎండ చాలవరకు వెనుకకు మరలును, లోపలి గది చల్లబడును. 2017వ సంవత్సరమున నగరపాలక సంస్థయు స్వచ్ఛంద సేవకులును గలసి సుమారు 3,000 పేదయిండ్ల కప్పులకు ఇట్లు తెలుపు వేసిరి.

ఈ ప్రణాళికచే సంవత్సరమునకు సగటున 1,190 మరణములు తప్పినట్లు 2018వ సంవత్సరమున వెలువడిన యొక పరిశోధన యంచనా వేసినది. అంచనా గనుక అసలు సంఖ్య కొంత హెచ్చుగనో తగ్గుగనో యుండవచ్చును. లోపములును లేకపోలేదు. కప్పుమీది తెలుపు ధూళికిని వానకును మాసిపోవును గనుక మరల మరల పూయవలెను. నాటి కూలితో నాడు బ్రదుకువానికి మధ్యాహ్నము పని మానుమని చెప్పుట సులభము. కూలి పోకుండ పనివేళను మార్చుట కష్టము. కేవలము ఉపదేశముచే నిది తీరదు. పని చేయించువారును అధికారులును గూడ పూనుకొనవలెను.

తెలుగువారికిది పరుల గాథ కాదు. 2015వ సంవత్సరపు వేసవిలో ఆంధ్రప్రదేశమున 1,300 మందికి పైగాను, తెలంగాణమున 500 మందికి పైగాను వడదెబ్బచే మరణించిరని ప్రభుత్వపు లెక్కలు తెలిపెను. చల్లని యింటికప్పుల నిమిత్తము తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున ఐదేండ్లకొక విధానమును ప్రకటించినది. ఆ విధానము కాగితమున నిలుచునో, కప్పుల కెక్కునో జనుల పూనికనుబట్టి యుండును.

ఇందుండి మనము నేర్వవలసిన దేమి? వాతావరణమును ముందుగా నెరుగుట, నీటిని సరఫరా చేయుట, ఆసుపత్రులను నడపుట ఒక్కొక్క యింటివారికి సాధ్యము కాదు. అవి పాలకులు చేయదగినవి. ఏ గుడిసెలో నెవరు ఒంటరిగా నున్నారో, ఏ కప్పు రేకుదో, ఏ కుళాయి యెండినదో పాలకులకు తెలియదు. అది పొరుగువారికే తెలియును. ఈ రెండు తెలివిడులును కలిసినచోట ప్రాణము నిలుచును.

విద్యార్థులారా! వేసవి సెలవులలో మీ వీధియందలి వృద్ధుల యిండ్లను గుర్తుపెట్టుకొనుడు. ఎండ హెచ్చునను వార్త విన్ననాడు వారి తలుపు తట్టి, మజ్జిగయో మంచినీరో త్రాగిరా యని యడుగుడు. వడదెబ్బ తగిలినవానిని నీడకు జేర్చి, మేనిని తడిపి విసరుచు, వైద్యునికై కబురంపుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయకుడు. తలిదండ్రులారా! మీ పురపాలక సంఘము వేసవికై యేమి సిద్ధపరచినదో ఫాల్గుణ మాసముననే విచారింపుడు. ఎండ ముదిరిన పిమ్మట వెదకినయెడల నీడ దొరకదు. దానిని ముందుగా నాటుకొనవలెను.