పరమాణువులను తూచే త్రాసు

వస్తువుల బరువు తెలుసుకొనుటకు త్రాసు ఉన్నది. కాని కంటికి కనబడని పరమాణువును ఏ త్రాసులో ఉంచగలం? ఈ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం కనుగొన్న సమాధానమే ద్రవ్యరాశి వర్ణపటమితి, అనగా మాస్ స్పెక్ట్రోమెట్రీ.

దీని మూలసూత్రం సులభమైనది. నేలపై సమాన వేగంతో దొర్లుతున్న ఇనుప గుండును, రబ్బరు బంతిని ప్రక్కనుండి ఒకే బలంతో నెట్టినచో, బంతి ఎక్కువగాను, గుండు తక్కువగాను ప్రక్కకు తొలగుతాయి. ఈ పరికరంలో జరిగేదీ ఇదే. మొదట పదార్థపు అణువులకు విద్యుదావేశం కలిగించి అయానులుగా మారుస్తారు. గాలి తీసివేసిన గొట్టంలో వాటిని వేగంగా నడిపించి, అయస్కాంత క్షేత్రం గుండా పంపుతారు. ఆవేశం సమానమైనచో తేలిక అయానులు ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. అవి చేరిన స్థానాన్ని బట్టి ద్రవ్యరాశి, అక్కడికి చేరిన సంఖ్యను బట్టి పదార్థ పరిమాణం తెలుస్తాయి. అయస్కాంతం లేకుండా, నిర్ణీత దూరం దాటుటకు అయానులకు పట్టే కాలాన్ని కొలిచే పరికరాలు కూడా నేడు ఉన్నవి.

జె.జె. థామ్సన్ నియాన్ వాయువును పరీక్షించగా 20, 22 అనే రెండు ద్రవ్యరాశుల జాడలు కనిపించినవి. ఈ ఫలితాన్ని ఆయన 1913లో ప్రకటించారు. ఆయన వద్ద పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. ఆస్టన్ 1919లో మెరుగైన పరికరాన్ని నిర్మించి, అనేక మూలకాలలో ఐసోటోపులు ఉన్నవని నిరూపించారు. ఇందుకు 1922లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. క్లోరిన్ పరమాణు భారం 35.5 అని మనం వల్లె వేస్తాం. కాని అంత బరువు గల క్లోరిన్ పరమాణువు ప్రకృతిలో ఒక్కటీ లేదు. 35, 37 ద్రవ్యరాశులు గలవి సుమారు 3:1 నిష్పత్తిలో కలిసి ఉండుటచే వచ్చిన సగటు అది.

ప్రోటీనుల వంటి పెద్ద అణువులను చెదరకుండా అయానులుగా మార్చే పద్ధతులకు జాన్ ఫెన్, కొయిచి తనాకాలు 2002లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. నేడు ఔషధాల స్వచ్ఛత, ఆహారంలోని కల్తీ, శిలల వయస్సు నిర్ణయించుటకు ఈ విద్యయే ఆధారం.

అన్నిటికంటె మన హృదయాన్ని తాకేది శిశువుల పరీక్ష. ఫినైల్ అలనిన్ అణుభారం 165. టైరోసిన్ అణుభారం 181. తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు. శరీరంలోని ఒక ఎంజైము ఆ ఆక్సిజన్‌ను చేర్చి మొదటిదానిని రెండవదిగా మారుస్తుంది. ఆ ఎంజైము లోపించిన శిశువు పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. క్రమంగా ఫినైల్ అలనిన్ పేరుకొని మెదడు దెబ్బతింటుంది. మడమనుండి తీసి కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలలో ఈ పరికరం ఆ లోపాన్ని ముందే పట్టుకొంటుంది. వెంటనే తగిన ఆహారనియమం ఆరంభించినచో మెదడును కాపాడవచ్చును.

మనదేశంలో పుట్టిన ప్రతి శిశువుకు ఈ పరీక్ష ఇంకను అందలేదు. పరికరం సిద్ధంగానే ఉన్నది. దానిని ప్రతి ఊరి ప్రసూతి ఆసుపత్రికి చేరువ చేయుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మన ముందున్న పని.