రాతి మీద ఆడవాళ్ళ పేర్లు

మనం తిరుపతికి ఎన్నోసార్లు పోయి ఉంటాం. కొండ ఎక్కుతాం. తలనీలాలు ఇస్తాం. స్వామిని చూస్తాం. లడ్డు తీసుకుని బస్సెక్కుతాం. కానీ దారిలోనే ఉన్న కొన్ని విశేషాలు మన కంట పడవు. వాటిలో ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. వాటి గురించి తెలుసుకుందాం.

ఇద్దరు రాణులు

తిరుమల గుడి పెద్ద వాకిలిని మహాద్వారం అంటారు. అది దాటగానే కుడి పక్క ఒక మండపం ఉంది. అందులో రాగి బొమ్మలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. ఒకటి శ్రీకృష్ణదేవరాయల బొమ్మ. పక్కన ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి. ఈ బొమ్మలను 1517లో పెట్టారు. ఎవరు ఎవరో తెలిసేలా భుజాల మీద పేర్లు చెక్కారు.

సామవై

సామవై పల్లవుల ఇంటి రాణి. వెయ్యేళ్ళకు ముందే ఆమె గుడికి ఒక వెండి విగ్రహం ఇచ్చింది. దాని పేరు భోగ శ్రీనివాసమూర్తి. నగలు ఇచ్చింది. భూమి కొని ఇచ్చింది. ఈ సంగతి అంతా గుడి గోడ మీద తమిళంలో చెక్కి ఉంది. అలా రాతి మీద చెక్కిన రాతను శాసనం అంటారు.

వెంగమాంబ

గుర్రంకొండ దగ్గర తరిగొండ అనే ఊరు ఉంది. వెంగమాంబది ఆ ఊరే. చిన్నప్పుడే భర్త పోయాడు. ఊళ్ళో వాళ్ళు నానా మాటలు అన్నారు. ఆమె లొంగలేదు. కొండకు చేరి ఎన్నో పుస్తకాలు రాసింది. 1817లో కన్ను మూసింది. ఆమె సమాధి తిరుమలలోనే, గుడికి ఉత్తరం వైపు ఉంది. కొండ మీద మనం అన్నం తినే పెద్ద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఇకమీదట బోర్డు చదివి లోపలికి పోండి.

రాత్రి గుడి మూసే ముందు స్వామికి పవళింపు సేవ చేస్తారు. మామూలు రోజుల్లో సామవై ఇచ్చిన విగ్రహాన్నే ఉయ్యాల పాన్పు మీద పడుకోబెడతారు. వెంగమాంబ పేర ముత్యాల హారతి ఇస్తారు.

ఏ రాణి?

తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి కోట ఉంది. అక్కడ రాజమహల్, రాణిమహల్ ఉన్నాయి. రాజమహల్‌లో పాత విగ్రహాల మ్యూజియం ఉంది. రాణిమహల్ కింది అంతస్తు గుర్రాల సాలలా ఉంటుంది. రాణి మహలని అందరూ అంటారు. ఏ రాణి అంటే జనం చెప్పలేరు.

సామవై పేరు రాతి మీద ఉంది. అందుకే వెయ్యేళ్ళయినా చెరగలేదు. రాయని పేరు నోటి మాటగా కొంతకాలం ఉంటుంది. తర్వాత పోతుంది.

మన పేరు రాతి మీద ఉండనక్కర లేదు. కానీ రేషన్ కార్డులో ఉండాలి. మన పేర భూమి ఉంటే పాసు పుస్తకంలో ఉండాలి. తప్పు లేకుండా ఉండాలి. ఈరోజే తీసి చదవండి.

చెప్పండి, రాయండి

1. సామవై గుడికి ఏమేమి ఇచ్చింది?
2. శాసనం అంటే ఏమిటి?
3. మీ అమ్మ పేరు, అవ్వ పేరు, ఆమె అమ్మ పేరు రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి.