జావాని కోసే ముందు

ఏలూరు,
జూన్ నెలాఖరు.

చిన్నా,

నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. తాతయ్య జావాకి సీటు తీసేసి, ఛాసిస్ వెనక భాగం కోయించి, హ్యాండిల్ కిందికి దింపి కెఫే రేసర్ చేయిద్దామని నీ ఆలోచన. జూలై రెండో ఆదివారం ఏటా జావా, యెజ్డీ బళ్ళవాళ్ళు ఊరూరా కలుసుకుంటారు కాబట్టి, ఆ రోజుకి హైదరాబాదులో అందరి మధ్యా దాన్ని నిలబెట్టాలని నీ తొందర. వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. నీ స్నేహితుల్నీ తీసుకెళ్ళు. కోత మాత్రం వెళ్ళొచ్చాక ఆలోచిద్దాం. అక్కడ పాత బళ్ళు వంద రకాలుగా చూశాక కూడా నీకు కోయించాలనే అనిపిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడదాం. ఒకసారి కోసిన గొట్టాన్ని మళ్ళీ మైసూరు గొట్టం చేసేవాడు ఎవడూ లేడురా.

ఆ బండి 1968 నాటిది. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైంది. చెకొస్లొవేకియా జావా కంపెనీ లైసెన్సు మీద అరవైల మొదట్లో అక్కడ బళ్ళు చేయడం మొదలైంది. 1973 నుంచి యెజ్డీ పేరు పెట్టారు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్ళీ వచ్చినవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు, వాటి సామాను మన బండికి ఎక్కదు. అంటే ఇప్పుడు నీ షెడ్డులో ఉన్న ప్రతి నట్టూ ఎవరో ఒకరు దాచిపెట్టుకోవడం వల్ల మిగిలిందే.

దాన్ని దగ్గరగా చూశావో లేదో. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు అవుతుంది, స్టార్టయ్యాక ముందుకొస్తే గేరు. గేరు మార్చేటప్పుడు క్లచ్చు పట్టుకోకపోయినా లోపల అదే విడిపోతుంది. తాళం చెవి మేకులా ఉంటుంది. ఇక చైను మొత్తం రేకు పెట్టె లోపలే తిరుగుతుంది. ఆ పెట్టె విలువ మన కొల్లేరు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకుంటాను. చెరువు గట్ల మీద ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, పైగా ఉప్పుటేరు మీదుగా ఎగదన్నే ఉప్పునీళ్ళ చెమ్మ. చైను బయటికున్న బళ్ళకి పళ్ళచక్రాలు తరచూ మార్చాల్సొచ్చేది. తాతయ్య బండికి ఆ బాధే ఉండేది కాదు. నీ బొమ్మల్లో ముందు ఎగిరిపోయింది ఆ పెట్టే.

తర్వాత ఎగిరిపోయింది వెనక క్యారేజీ. అది కంపెనీది కాదని, బండికి అందం కాదని రాశావు. కంపెనీది కాదు, నిజమే. చేపల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజుల్లో ఏలూరు నుంచి తౌడు బస్తాలు మోయడానికి తాతయ్య కైకలూరులో వెల్డింగ్ చేయించారు. ఎడమవైపు గొట్టం కుడివైపు దానికన్నా నాలుగు వేళ్ళు వెనక్కి జరిగి ఉంటుంది, కొలిచి చూడు. జావాకి కిక్కు ఎడమవైపే కదా, కాలు వెనక్కి తిప్పేటప్పుడు బస్తా తగలకూడదని అలా జరిపించారు. నువ్వు కస్టమ్ అని ఏ మాటైతే అంటున్నావో అది ఆ వెల్డింగులో ఉంది. అవసరం ఏమిటో తెలిసినవాడు, ఆ అవసరానికి సరిపడా ఇనుము వాడాడు.

కస్టమ్ బళ్ళు చేసేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. లండన్‌లో ఏస్ కెఫే చుట్టూ తిరిగిన కుర్రాళ్ళు యాభైల్లో, అరవైల్లో హ్యాండిళ్ళు దించింది, బరువు తీసేసింది వేగం కోసం. యుద్ధం అయ్యాక అమెరికాలో మడ్‌గార్డులు కత్తిరించిందీ బరువు తగ్గించుకోడానికే. వాళ్ళు దేనికి కోస్తున్నారో వాళ్ళకి తెలుసు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చి వెళ్ళడానికి, ఆదివారాలు కైకలూరు దాకా తిరగడానికి నీ నడుం అంత వంగాల్సిన పని ఏమిటో నాకు అర్థం కాలేదు. నిజంగా ఒక కస్టమ్ బండి చేయాలని ఉంటే పాత బుల్లెట్టు ఒకటి వెతుకుదాం. మద్రాసులో 1955లో మొదలైన బండి, ఇప్పటికీ తయారవుతూనే ఉంది, సామాను ప్రతి ఊళ్ళో దొరుకుతుంది. ఒకటి కోసినంత మాత్రాన లోకంలో బుల్లెట్లు తరిగిపోవు. డబ్బులో సగం నేను పెట్టుకుంటాను.

హైదరాబాదు షోకి వెళ్ళాక ఏం చూడాలో చెబుతాను. మెరిసేవాటి దగ్గర జనం ఎక్కువుంటారు. నువ్వు రంగు వెలిసిన బండి దగ్గరికి ముందు వెళ్ళు. క్రోమ్ కొత్తగా వేయించడం డబ్బుతో అయ్యే పని. ట్యాంకు మీద అసలు గీత, మోకాలి రబ్బరు, హెడ్‌లైటు దొప్పలో పాత మీటరు నిలబెట్టుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. ఆ బండి ఆయన్ని అడుగు: ఈ రబ్బరు ఎక్కడ దొరికింది, ఈ క్రాంకు ఎవరు చేశారు అని. అలా అడిగితే గంట సేపు చెబుతారు, ఫోన్ నంబరూ ఇస్తారు. ఆ నంబరు నీకు ఏ బహుమతికన్నా ఎక్కువ పనికొస్తుంది.

కస్టమ్ బండి దగ్గర ఇంకోలా చూడాలి. యజమానిని అడిగి, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పించు. ట్యాంకుకి తగులుతుందా, వేళ్ళు నలుగుతాయా, మలుపు దగ్గర వైర్లు బిగుసుకుంటున్నాయా చూడు. తర్వాత వంగుని కిందనించి వెల్డింగు చూడు. మంచి పనివాడి వెల్డు వరుస తప్పకుండా, ఒకే వెడల్పుతో కనిపిస్తుంది, దాన్ని దాచాలని అనుకోడు. పుట్టీ దట్టంగా పూసి రంగు కొట్టారంటే దాని కింద ఏదో ఉంది. ఎవరి బండి మీదా అడక్కుండా కూర్చోవద్దు, రాడ్డు ముట్టుకోవద్దు. సెల్ఫీల కోసం యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజన్ అరిపించే కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళ పక్కన నిలబడొద్దు.

కాగితాల సంగతి ఒకటుంది, ఇది తేలిగ్గా తీసుకోకు. ఆర్.సి.లో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. దానికి తోడు 2021లో వింటేజ్ బళ్ళకి వేరే నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు లేకుండా ఉంటే వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. మన బండికి ఆ అర్హత ఉంది, ఛాసిస్ కోసిన రోజున పోతుంది. అలా నమోదైన బండిని షోలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళాలే గానీ రోజూ తిప్పడానికి వీల్లేదు. నీకు తిరగాలని ఉంది కాబట్టి ఇప్పటికి మామూలు ఆర్.సి. రెన్యువల్, ఇన్సూరెన్సు సరిచూసుకో. ఆ వింటేజ్ దారి మాత్రం మూసేసుకోవద్దు.

ప్రయాణం గురించి. నీ స్నేహితులవి కొత్త బుల్లెట్లు, డిస్కు బ్రేకులు. నీది డ్రమ్ము బ్రేకు, ఆరు వోల్టుల దీపం. వాళ్ళ వేగం నువ్వు అందుకోవాలనుకోవద్దు, నీ వేగం వాళ్ళు ఉంచుకోవాలి. అందరికన్నా నెమ్మది బండి ముందుండాలి, సామాను సంచి ఉన్నవాడు చివర రావాలి. ఇలా ఒప్పుకోని వాళ్ళతో బయల్దేరకు. రాత్రి పూట అసలు వద్దు. బెజవాడ దాకా ఒక 60 కిలోమీటర్లు నడిపి ఆగు. ఇంజన్ శబ్దం మారకపోతే, బండి మరీ వేడెక్కకపోతే సూర్యాపేట వైపు సాగు. అనుమానంగా ఉంటే బొలేరోలో ఎక్కించి పంపించు, అందులో చిన్నతనం ఏమీ లేదు. పెట్రోలులో టూటీ ఆయిలు లీటరుకి 40 మిల్లీలీటర్ల చొప్పున కలుపు. ఆయిలు పెట్రోలుతోనే వెళ్ళాలి కాబట్టి మంచి వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి చాలా దూరం జారనివ్వకు, పిస్టన్ పట్టేస్తుంది.

ముందుగా ఈ వారం మీ గూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే మీద జనం లేని వేళ బ్రేకులు పరీక్షించుకో. ఎంత దూరంలో ఆగుతోందో అడుగులు వేసి చూడు. తర్వాత అందరూ కలిసి ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్ళి రండి. గూడబాతులు ఈ కాలంలో పెద్దగా కనపడవు, మీ పని బళ్ళతో కాబట్టి పరవాలేదు. నాట్ల రోజులు, దమ్ము చక్రాల ట్రాక్టర్లు పొలాల్లోంచి వచ్చి రోడ్డంతా బురద చేస్తాయి. చేపల లారీల నుంచి కారిన ఐసు నీళ్ళు తారు మీద నూనెలా జారుస్తాయి. మలుపుల్లో లారీ వెనక దూరం ఉంచు. ఆ రోడ్డు మీద కలిసి నడిపితే హైదరాబాదు దాకా ఎవరితో వెళ్ళొచ్చో, ఎవరితో కూడదో నీకే తెలుస్తుంది.

శనివారం పొద్దున బండి ఇక్కడికి తీసుకురా, కార్బురేటర్ విప్పుదాం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుని అది పాడుచేస్తుంది. పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు మార్చాలి, కొత్తవి తెప్పించి ఉంచాను. స్పేరు ప్లగ్గు, పాయింట్లు, కండెన్సరు, క్లచ్చు కేబులు కూడా సంచిలో పెడతాను. పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు ఎలా పెట్టాలో నీ చేత్తోనే చేయిస్తాను, దారిలో నేనుండను కదా. క్యారేజీ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, వాటికి కాస్త ఆయిలు వేసి ఉంచు, విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగిద్దాం.

అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి