పాత షెవర్లేకి ఎస్-10 కాళ్లు

1947లో షెవర్లే కంపెనీ ‘అడ్వాన్స్ డిజైన్’ పికప్‌లు తెచ్చింది. ఉబ్బిన మడ్‌గార్డులు, గుండ్రటి క్యాబిన్, ముందు అడ్డపట్టీల గ్రిల్లు. 1955 మొదటిదాకా వచ్చిన ఈ బండ్లలో అరటన్ను రకాన్ని 3100 అంటారు. చూడ్డానికి ఎంత ముద్దొస్తుందో తోలడానికి అంత మొండిది. ముందువైపు కూడా కమాన్ పట్టీలే, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, కరెంటు ఆరు వోల్టులే. అందుకే అమెరికాలో సొంత షెడ్లున్నవాళ్లు దాని బాడీ ఊడదీసి, అదే కంపెనీ 1982 నుంచి 2004 దాకా అమ్మిన చిన్న పికప్ ఎస్-10 ఛాసిస్ మీద కూర్చోబెడతారు. ముందు డిస్కులు, స్టీరింగు, ఇంజను, గేరుబాక్సు అన్నీ ఆ ఛాసిస్‌తోనే వచ్చేస్తాయి.

కాగితాల సంగతి ముందే తేల్చుకోవాలి. బండి పాత బాడీ నంబరు మీద నడవాలా, ఎస్-10 నంబరు మీదా అన్నదానికి అక్కడ రాష్ట్రానికో పద్ధతి. మన దగ్గరైతే ఈ సరదాకి దారి దాదాపు లేనట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

పాతదాని వీల్‌బేస్ 116 అంగుళాలు. ఎస్-10లో పొట్టి తొట్టి రకానిది 108.3, పొడుగు తొట్టిది 117.9, పెద్ద క్యాబిన్‌ది 122.9. పొట్టిది వద్దు. ఛాసిస్‌ని సాగదీయడం కన్నా కత్తిరించడం నయం. పొడుగు తొట్టిదైతే రెండంగుళాల లోపే కోత, పెద్ద క్యాబిన్‌దైతే దాదాపు ఏడు. టూ-వీల్ డ్రైవ్ బండి చూసుకోవాలి. కొన్నదాన్ని విప్పకముందే బాగా తోలి చూడాలి. గేర్లు జారుతున్నాయా, ఇంజను వేడెక్కుతోందా అన్నది రోడ్డు మీద తెలిసినంత సులువుగా షెడ్డులో తెలియదు. విప్పేటప్పుడు ఒక్క వైరు కూడా కోయకుండా, ప్రతి కనెక్టరుకీ చీటీ అంటించి, వైరింగ్ మొత్తం ఒకే కట్టగా తీయాలి.

పాత క్యాబిన్ లేపేముందు తలుపు గుమ్మాల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేయాలి. కింది అంచులు తుప్పు తినేసిన రేకు అది. లేపేటప్పుడు గుమ్మం కాస్త మెలి తిరిగిందా, ఇక తలుపు మళ్లీ సరిగా పడదు.

అసలు పరీక్ష ముందు చక్రం దగ్గరుంది. బండి ఎంత బాగా కుదిరినా, చక్రం మడ్‌గార్డు వంపుకి నట్టనడుమ లేకపోతే అతుకుల బండని ఎవరైనా దూరం నుంచే పోల్చుకుంటారు. అంగుళం తేడా చాలు. కాబట్టి ఛాసిస్‌ని చదునైన నేల మీద స్టాండ్లకెత్తి, రోడ్డు మీద ఉండే ఎత్తుకే సరిచేసి, వాడబోయే టైర్లే బిగించాలి. మేస్త్రీలు వాడే తూకం గుండు ఇరుసు మధ్య నుంచి వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టాలి. మడ్‌గార్డులు, రేడియేటర్ చట్రం, క్యాబిన్ మూడింటినీ ఒకటిగా బిగించి, ఇంజన్లు ఎత్తే క్రేనుతో దించి, చెక్కముక్కల మీద నిలబెట్టాలి. రెండు పక్కలా కొలిచి, వెనక్కి నడిచి చూసి, అటూఇటూ జరపాలి. బోరు కొట్టే పనే, కానీ తొందరపడేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వెనక చక్రం చోటు కూడా అప్పుడే గుర్తించుకుని బాడీ దించేయాలి. కోత గీత గీయాల్సింది ఆ తర్వాతే.

కోత క్యాబిన్ వెనక, కమ్మీలు తిన్నగా ఉన్నచోట పడాలి. నిట్టనిలువుగా తెగ్గోయకుండా మెట్టులా కోస్తే అతుకు బరువంతా ఒకే గీత మీద పడదు. కలిపాక మూలలకి మూలలు కొలిచి రెండూ సమానమైతేనే పూర్తి వెల్డింగ్, ఆపైన బయట పలకలు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని అంతే తగ్గించి, బ్యాలెన్స్ చేయించాలి. ఛాసిస్ వెల్డింగ్‌లో చేయి తిరగనివాళ్లు ఈ ఒక్క పనీ తెలిసిన వెల్డరుకి అప్పగించడం మేలు.

తర్వాత ఎస్-10 బాడీ మౌంట్లు గ్రైండరుతో తీసేసి, మందపాటి పలకతో కొత్తవి చేసి, రబ్బరు బుష్‌లతో క్యాబిన్ ఎక్కించాలి. పాతదాంట్లో పెడళ్లు నేలలోంచి పైకి వస్తాయి, ఎస్-10లో పైనుంచి వేలాడతాయి. వాటికోసం ఇంజను వైపు గోడకి రంధ్రం చేస్తే సరిపోదు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పల్చటి రేకు లోపలికి వంగుతుంది కాబట్టి వెనకాల ఓ పలక వెల్డ్ చేశాకే బూస్టర్ బిగించాలి. 1950ల బండ్లలో పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, మనుషుల పక్కనే ఉంటుంది. దాన్ని తీసేసి ఎస్-10 ట్యాంకునే కింద ఉంచుకోవాలి.

ఎస్-10 ఛాసిస్ వెనక ఇరుసు మీదుగా పైకి వంగుతుంది. అందుకే తొట్టిలోని చెక్కల నేలని కొంచెం పైకి లేపక తప్పదు. చక్రాలు కూడా మడ్‌గార్డుల లోపలికి దాక్కున్నట్టు కనిపిస్తాయి. స్పేసర్లు పెట్టడం చవక మార్గం. ఫోర్-వీల్ డ్రైవ్ ఎస్-10 వెనక ఇరుసు మరింత వెడల్పు కనుక, దాన్ని వెతికి తెచ్చుకోవడం నాకు నచ్చిన మార్గం.

వైరింగ్ కలిపి, బ్రేకుల్లో గాలి తీసి, వీల్ అలైన్‌మెంట్ చేయించాక తోలొచ్చు. కొన్నాళ్లకి రబ్బర్లు అణిగి క్యాబిన్ కొద్దిగా కిందికి దిగుతుంది. అప్పుడు మౌంటు బోల్టులన్నీ మళ్లీ బిగించి, ఆ తర్వాతే తలుపుల సందులు సరిచేసి రంగు పనికి పంపాలి.