కాదని చెప్పి తప్పించుకోకు

మాధవరం

చిరంజీవి అమ్ములుకు,

తాతయ్య ఆశీర్వదించి రాసేది.  

జర్మనీలో, మీ కైజర్స్‌లౌటర్న్ బస్సులో ఒక పెద్దాయన నిన్ను టర్కీ పిల్లవనుకొని, మీ దేశానికి పొమ్మని కసిరాడన్నావు. "నేను టర్కీ దాన్ని కాదు, మా నాన్న అమెరికా ఆర్మీలో ఉన్నారు" అనగానే ఆయన నోరు మూతపడిందన్నావు. పదమూడేళ్ల పిల్లవి, పరాయి భాషలో అంత ధైర్యంగా నిలబడ్డావు. నీ కోపం న్యాయమైనదే. కానీ నీ జవాబు గురించి ఒక సంగతి చెప్పాలి. నువ్వు నిజంగా టర్కీ పిల్లవే అయితే, ఆయన అన్న మాట సబబయ్యేదా?

అక్కడి టర్కీవాళ్లు పిలవని పేరంటానికి వచ్చినవాళ్లు కారు. ఫ్యాక్టరీలకూ గనులకూ మనుషులు చాలక పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకొని మరీ రప్పించుకుంది. కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకున్నారు. చాలామంది అక్కడే కాపురాలు పెట్టారు, పిల్లల్ని కన్నారు. అయినా 2000లో చట్టం మారేదాకా, తల్లిదండ్రులు జర్మన్ పౌరులు కాకపోతే అక్కడ పుట్టిన పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం రాలేదు. ఆ బస్సులో నీ ఈడు టర్కీ పిల్ల ఉంటే, వాళ్ల నాన్న ఆర్మీలో ఉన్నాడని చెప్పుకోగలదా? నువ్వు తప్పించుకున్నావు. ఆ తిట్టు మాత్రం ఆమెకు మిగిలిపోయింది.

ఇలా తప్పించుకోవాలని చూసిన ఒక సైనికుడి కథ చెబుతాను. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా మూలాలవాళ్లకూ మాత్రమే పౌరసత్వమిచ్చే రోజులవి. ఆయన అగ్రకులంలో పుట్టిన ఆర్యుడనీ, కనుక తెల్లవాళ్లలోనే లెక్కనీ ఆయన పక్షాన వాదించారు. 1923లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఆ తీర్పు పట్టుకొని ఇంకా ఎందరో భారతీయుల పౌరసత్వాలు రద్దు చేశారు. చివరికి 1936లో, మాజీ సైనికులకోసం వచ్చిన చట్టం వల్ల ఆయన పౌరుడయ్యాడు. ఆయన పడ్డ కష్టానికి నా మనసు నొచ్చుకుంటుంది. కానీ అన్యాయమైన చట్టం ముందు "నేను వాళ్లలాంటివాణ్ణి కాను" అన్న వాదన ఆయన్నీ కాపాడలేదు, తోటివాళ్లనీ కాపాడలేదు.

అమెరికా ఆర్మీలో నల్లజాతి ఆఫీసరు కొలిన్ పావెల్ మరోలా నిలబడ్డాడు. ఆయన కూడా కుర్ర ఆఫీసరుగా నువ్వున్న జర్మనీలోనే పనిచేశాడు. 1964లో, వియత్నాం నుంచి వచ్చాక, జార్జియాలో నల్లవాళ్లకు వడ్డించని ఒక హోటల్ దగ్గర హాంబర్గర్ అడిగాడు. పోర్టోరికో మనిషివా, ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థివా అని అక్కడి అమ్మాయి అడిగింది. ఔనంటే పని జరిగిపోయేదేమో. ఆయన మాత్రం తాను నల్లజాతివాణ్ణనీ, అమెరికన్‌ననీ, ఆర్మీ ఆఫీసర్ననీ చెప్పాడు. వెనక కిటికీలోంచి ఇస్తానంటే వద్దని వెళ్లిపోయాడు. ఆ ఏడాది జులైలో పౌరహక్కుల చట్టం వచ్చాక మళ్లీ అక్కడికే వెళ్లి, అందరిలాగే తిన్నాడు.

మన తెలుగువాళ్లమూ ఇలా చులకన చేసే ముద్ర మోసినవాళ్లమే. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్నాడు. అలాంటివాళ్ల మాట చెల్లి తెలుగువాళ్ల భర్తీ తగ్గింది. భర్తీ చేసుకోకపోతే సైన్యంలో ఎలా కనిపిస్తాం? కనిపించకపోవడమే మళ్లీ మన చేతగానితనానికి రుజువైంది. ప్రపంచ యుద్ధాలు వచ్చి మనుషులు కావలసివచ్చాక మన ఊరినుంచి ఎంతమంది వెళ్లారో మిలిటరీ మాధవరమన్న పేరే చెబుతుంది.

అలాగని మనం శుద్ధులం కాము. సెలవులకు వచ్చినప్పుడు నీ స్నేహితుల పేర్లు విని "మనవాళ్లేనా?" అని ఆరా తీసే చుట్టాలు నీకు తెలుసు. వాళ్లు అడిగేది కులం. ఆ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పనక్కరలేదు, పెద్దవాళ్లు అడిగినా సరే.

ఇకమీదట ఎవరైనా అలా అంటే "ఎవరితోనూ అలా మాట్లాడకూడదు" అను. అంతకంటే సంజాయిషీ వద్దు. మనిషి మీదమీదకు వస్తే వాదించకు, డ్రైవర్ దగ్గరకు వెళ్లు, నాన్నకు చెప్పు. ఆర్మీ బేస్‌లో నీ స్నేహితులు టర్కీవాళ్ల యాసను వెక్కిరిస్తే నువ్వు నవ్వకు. అక్కడ నిన్నెవరూ ఏమీ అనరు కాబట్టి, మాట్లాడాల్సిన బాధ్యత అక్కడే నీకు ఎక్కువ. జర్మన్ బాగా నేర్చుకో. గేటు బయట పిల్లలతోనూ ఆడుకో. మూడేళ్లకో నాలుగేళ్లకో నాన్నకు బదిలీ అవుతుంది, ఇంకో ఊళ్లో ఇంకెవరినో చులకన చేయడం చూస్తావు. వాళ్లు నీవాళ్లు కాకపోయినా వాళ్ల పక్కన నిలబడు.

తమ్ముడికి ముద్దులు. నానమ్మ ఆశీస్సులు.

మీ తాతయ్య