పొలం పోయింది, పొద్దు పోవడం లేదు

సమస్య

అమ్మా,

మాది ఇబ్రహీంపట్నం. నాకు యాభై ఏడేండ్లు. పదో తరగతి దాకా చదివిన. ఊరికి ఆనుకునే మూడెకరాల చేను ఉండె. బాయి ఎండిపోయినంక బోర్లు వేసి ఆకుకూరలు పండించిన. కొత్తిమీర, పాలకూర, పుదీన, ఎండకాలంల గోంగూర. రాత్రి కట్టలు కట్టి, నీళ్లు చల్లి, తెల్లారకముందే సరూర్‌నగర్ రైతుబజారుకు పోతుంటి. పెండ్లయిన సంది అదే పని.

సాగర్ రోడ్డు పొంటి ధరలు పెరిగినంక చుట్టుపక్కలోళ్లంతా అమ్మిండ్రు. మా చేను చుట్టూ ప్లాట్లు పడ్డయి, బండి బాట సుత మూసుకపోయింది. బిడ్డ పెండ్లి ఉండె, అప్పులుండె. నేనూ అమ్మిన. వచ్చిన పైసలు ఆగం చేయలేదు. మూడంతస్తుల ఇల్లు కట్టిన. కింద మేముంటం, పైన కాలేజీ పిల్లలు కిరాయికి ఉంటరు. కొడుకు ఆదిబట్లల నౌకరి చేస్తడు. కోడలు మంచిది. 'నీకేం తక్కువయ్య, కూసోని తింటున్నవ్' అంటరు ఊర్లె.

ఆ కూసోవుడే నన్ను తింటున్నదమ్మా. మూడు గంటలకే మెలకువ వస్తది. లేచి ఏం చెయ్యాలె? పొద్దుగాల బస్టాండు కాడ చాయ్ తాగుత. అక్కడ గజం ఎంత పలికింది, ఎకరం ఎంత పలికింది అన్న ముచ్చట తప్ప వేరే లేదు. పగలంతా టీవీ. వంటింట్ల నిలబడి ఏదన్న చెప్తే నా భార్య కసురుకుంటది. పొద్దుగూకితే కొద్దిగ తాగుడు కూడా అలవాటైంది. మొన్న మా చేను దిక్కు పోయిన. గేటు పెట్టిండ్రు. కావలి పిలగాడు 'ఎవరు కావాలె పెద్దాయనా' అన్నడు. బాయి ఉన్న జాగల పిల్లల జారుడుబండ ఉంది. ఇంటికొచ్చినంక బుక్క గొంతు దిగలేదు.

కొడుకు ఫోన్ల వీడియోలు చూపిస్తడు. 'నీకు ఏదిష్టమో అది చెయ్యి నాయినా, మనిషికి ప్యాషన్ ఉండాలె' అంటడు. నాకిష్టమైంది ఏందో నాకెరికే. అది అమ్మేసుకున్న. ఇంక నేను దేనికి?

— పేరు వద్దన్న ఒక తండ్రి, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా


సలహా

అన్నా,

మీ ఉత్తరంలో అన్నిటికంటే చివరి మాట నన్ను భయపెట్టింది. అందుకే ముందు దాని సంగతి. తెల్లవారుజామున మెలకువ మీకు పాత అలవాటే. కానీ దానికి అన్నం సయించకపోవడం, సాయంత్రం మందు, 'ఇంక నేను దేనికి' అన్న ఆలోచన తోడయ్యాయి. ఇన్నీ కలిసినప్పుడు అది డిప్రెషన్ కావచ్చు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి, తాగుడు సంగతి కూడా దాచకుండా చెప్పండి. బతకడం ఎందుకన్న తలంపు ఎప్పుడైనా వస్తే, అది ఏ అర్ధరాత్రి అయినా సరే, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మోకాలు నొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఇదీను, ఇందులో పరువు తక్కువేమీ లేదు.

ఇక అసలు విషయం. మీరు సోమరి కాలేదు. భూమి అమ్మడంలో తప్పూ చేయలేదు. చుట్టూ ప్లాట్లు పడి, బాట మూసుకుపోయిన చేనును ఒక్కరే ఎంతకాలం నిలబెడతారు? మీకు వచ్చింది దుఃఖం. ఇంట్లో మనిషి పోతే పదిమంది వచ్చి పలకరిస్తారు, పదకొండు రోజులు పక్కన కూర్చుంటారు. చేను పోతే మాత్రం 'నీకేం తక్కువ' అంటారు. దుఃఖపడడానికి మీకు ఎవరూ చోటివ్వలేదు, అదే లోపల గడ్డకట్టింది.

ఆస్ట్రియా దేశంలో మారియెంతాల్ అని ఒక ఊరుంది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. ఆ తర్వాత మరీ యాహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు తోటివారితో వెళ్లి ఆ ఊరివాళ్ల బతుకును దగ్గరగా చూశారు. 1933లో వాళ్ల పుస్తకం వచ్చింది. పని లేదు కాబట్టి కావలసినంత తీరిక. అయినా ఊరి లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక మెల్లబడింది, వీధిలో నడుస్తూ మధ్యమధ్య ఆగిపోయేవాళ్లు. పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చెప్పడానికి ఏమీ గుర్తుండేది కాదు. ఆడవాళ్ల నడక మాత్రం అంత మారలేదు, ఎందుకంటే పొయ్యి, పిల్లలు, బట్టలు వాళ్లను వదల్లేదు. వాళ్లది ఆకలితో కూడిన ఖాళీ, మీది కడుపు నిండిన ఖాళీ. ఆ తేడా చిన్నదని నేననను. కానీ బస్టాండు దగ్గర చాయ్ గ్లాసుతో మీరు గడిపే పొద్దుకూ వాళ్ల పొద్దుకూ పెద్ద తేడా లేదు.

కూలి డబ్బు కాక పని మనిషికి ఇంకేమిస్తుందో యాహోదా తర్వాతి కాలంలో వివరంగా రాశారు. రోజుకు ఒక వేళాపాళా, ఇంటి బయట నలుగురు మనుషులు, పదిమందితో కలిసి ఒకటి సాధిస్తున్నామన్న తలంపు, నలుగురిలో ఒక గుర్తింపు, ఒళ్లు కదలక తప్పని అవసరం. మీ మూడెకరాల్లో ఇవన్నీ ఉన్నాయి కదన్నా. తెల్లవారకముందు లేవాల్సిందే. రైతుబజారులో పక్క దుకాణం వాళ్లు మీ కోసం చూస్తారు. రోజూ మీ దగ్గరే కొత్తిమీర కొనే ఇల్లాలు, మీరు రాకపోతే మర్నాడు అడుగుతుంది. రిజిస్ట్రేషన్ నాడు భూమికి మాత్రమే వెల కట్టారు. మిగతావాటికి ఎవరూ పైసా ఇవ్వలేదు, అవీ పోతున్నాయని మీకూ తెలియలేదు.

అందుకే మీ అబ్బాయి మాటతో నేను ఏకీభవించను. ప్రేమతోనే చెప్పాడు, పాపం. కానీ ఇష్టం వెతుక్కోవడం ఇరవై ఏళ్లవాడి పని. మీకు కావలసింది ఇష్టం కాదు, మీ కోసం ఎదురుచూసే మనిషి. రేపు పొద్దున మీరు రాకపోతే ఎవరికో పని ఆగాలి. అలాంటి చోటు ఒకటి ఉంటే మూడు గంటల మెలకువకు మళ్లీ అర్థం వస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను: అరెకరం కౌలుకు తీసుకోండి. మంచాల వైపో, యాచారం వైపో బోరులో నీళ్లుండి, చేసే చేతులు లేని ఇళ్లు ఉంటాయి. పిల్లలు పట్నంలో స్థిరపడ్డ ముసలి రైతుతో మాట్లాడండి. మీరు భూమి అమ్ముకున్నారు, వ్యవసాయాన్ని కాదు. ధనియాలను చెప్పు కింద నలిపి బద్దలు చేసి చల్లడం, ఎండాకాలం కొత్తిమీరకు నీడ పట్టడం, పాలకూరను మళ్లీ చిగురించేలా ఎంత ఎత్తులో కోయాలో తెలియడం, ఇవేవీ పాసుబుక్కులో రాసి లేవు. అవి మీ దగ్గరే ఉన్నాయి. పాలకూర నెల తిరగకుండానే కోతకొస్తుంది. నెలలోపే మీ చేతిలో కట్టలుంటాయి.

'భూమి అమ్ముకున్నోడు కౌలుకు చేస్తున్నడు' అని ఊళ్లో నవ్వుతారని మీకు అనిపిస్తుంది. నవ్వేవాళ్లను వాళ్ల తాతల సంగతి అడగమనండి. మీ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా గోలకొండను 1550 నుంచి 1580 వరకు ఏలాడు. మీ పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. అప్పటి నుంచి నిజాం కాలం దాకా ఈ నేలను దున్నినవాళ్లలో ఎంతమందికి అది సొంతం? జాగీర్దార్ల భూమి, దేశ్‌ముఖుల భూమి, చెమట మాత్రం కౌలుదారుది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాకే రక్షిత కౌలుదార్లకు హక్కులొచ్చాయి. పీటీ (ప్రొటెక్టెడ్ టెనెంట్, అంటే ఆ రక్షిత కౌలుదారే) అంటే ఏమిటో రంగారెడ్డి జిల్లాలో తెలియని రైతు ఇల్లు లేదు. కౌలు చేయడం ఈ జిల్లాలో నామోషీ ఎప్పుడైంది? ఎకరం కోట్లు పలికాక అయింది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. కిరాయి డబ్బులో పోయినా బాధలేనంత మొత్తం విడిగా పెట్టుకుని దానితోనే చేయండి. కొత్తిమీర ధర పడిపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? దూరాన పదెకరాలు చౌకగా వస్తోంది కొనమని బంధువులు వస్తారు. ఏడాది దాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మనసు బాగోలేనప్పుడు కొన్న భూమి ఇంకో బరువు.

కౌలు కుదిరేలోపు మీ డాబా ఖాళీగానే ఉంది కదా. కథలు రాసే తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద మిద్దెతోట పెంచి, ఎంతోమందికి ఆ దారి చూపించారు. ఎల్బీనగర్, వనస్థలిపురం మిద్దెల మీద ఆకుకూరలు వేసి, పురుగు పడితే ఏం చేయాలో తెలియక బిత్తరపోయేవాళ్లు బోలెడుమంది. మీలాంటి చేయి తిరిగిన రైతు వాళ్లకు దొరకడమే కష్టం. మీ డాబా మీద మడులు గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టండి, తడిసిన మట్టి చాలా బరువు. పైన ఉండే కాలేజీ పిల్లలకు వారానికి ఒకసారి తోటకూర కట్ట ఇవ్వండి. ఊరికే ఇవ్వకండి, ఐదో పదో తీసుకోండి. డబ్బిచ్చినవాడు రేపు మళ్లీ అడుగుతాడు. ఒళ్లు సహకరించక కౌలు వద్దనుకుంటే దగ్గరలోని సర్కారు బడికి వెళ్లి హెడ్మాస్టరును కలవండి. మధ్యాహ్న భోజనానికి పెరటి తోట పెంచమని ప్రభుత్వమే చెబుతోంది. చాలా బళ్లలో జాగా ఉంటుంది, చూసే మనిషి ఉండడు.

మా వదిన గురించి కూడా ఒక మాట. ఆమె కసురుకోవడంలో తప్పులేదు. ఇన్నేళ్లు ఆమె ఏలిన చోట మీరు ఖాళీగా నిలబడి తీర్పులు చెబుతున్నారు. ఇంట్లో ఒక పని పూర్తిగా మీ మీద వేసుకోండి. పొద్దున చాయ్ మీదే అనుకుంటే పాలు తేవడం నుంచి గిన్నె తోమడం దాకా మీదే. ఉప్పు ఎక్కువైందని చెప్పడం మాత్రం పూర్తిగా మానేయండి. ఆమె కూడా ఆ చేనులో కలుపు తీసింది, కట్టలు కట్టింది. ఆమెకు లేదా దుఃఖం? ఒక రోజు కూర్చోబెట్టి అడగండి. నాకు తెలిసి మీ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

ఈ ఉత్తరం చదివే కొడుకులకు, కోడళ్లకు ఒక విన్నపం. భూమి అమ్మి పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇళ్లు గట్టెక్కించిన తండ్రులు సాగర్ రోడ్డు పొడవునా ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఫోన్లో వీడియోలు పంపకండి. 'ఇంక రెస్టు తీసుకో నాయినా' అనకండి. మీకు నిజంగా అవసరమైన పని ఒకటి వాళ్ల చేతికివ్వండి, వాళ్లు చేసినట్టే చేయనివ్వండి. ఆయన కౌలుకు చేస్తానంటే పరువు పోతుందని అడ్డుపడకండి. ఆదివారం పొద్దున మీరే బండి మీద కట్టలు వేసుకుని ఆయనతో రైతుబజారుకు వెళ్లండి.